స్నోమొబైల్ క్లబ్బు ఉత్తరానికి జవాబు రాయండి: ఉత్తర విస్కాన్సిన్‌లో భూములు కొన్న తెలుగువారికి బహిరంగ లేఖ

ఉత్తర విస్కాన్సిన్‌లో అడవి భూములు, పాత పొలాలు, సరస్సు ఒడ్డున క్యాబిన్లు కొన్న తెలుగువారికీ, కొనాలని చూస్తున్నవారికీ నమస్కారం.

మీలో కొందరు నాకు ముఖపరిచయం. ఎక్కువమంది కౌంటీ రికార్డుల్లో పేర్లుగానే తెలుసు. షికాగో శివార్ల నుంచి, మిల్వాకీ, మాడిసన్, మినియాపొలిస్‌ల నుంచి ఎండాకాలంలో కుటుంబాలతో వస్తారు. సరస్సు చూస్తారు, ఎకరం ధర అడుగుతారు, విని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. హైదరాబాద్ శివారులో ఒక ప్లాటు ధరకు ఇక్కడ ఎంత అడవి వస్తుందో లెక్క వేశాక మన మనసు ఇక ఆగదు. ఒక్కరి వల్ల కాకపోతే నలుగురు స్నేహితులు కలిసి ఒక కంపెనీ పేరు పెట్టి మరీ కొంటున్నారు. భూమి మీద మనకున్న మమకారాన్ని తప్పుపట్టడానికి నేనెవరిని? నేనూ అలా కొన్నవాడినే. ఉద్యోగం కోసం ఈ చలి ఊరికి వచ్చి, తిరిగి వెళ్లాలన్న ఆలోచన మానేసినవాడిని. నా భూమి మీదుగా కూడా స్నోమొబైల్ దారి, అంటే మంచు మీద నడిచే చిన్న మోటారు బళ్ల దారి, పోతుంది.

రిజిస్ట్రేషన్ అయిన కొన్నాళ్లకు మీకొక ఉత్తరం వస్తుంది. కవరు మీద చిరునామా చేత్తో రాసి ఉంటుంది. లోపల ఒక పేజీ, ఒక మ్యాపు ముక్క, దాని మీద పెన్నుతో గీసిన గీత, చివర సంతకానికి చోటు. రాసింది స్థానిక స్నోమొబైల్ క్లబ్బు. అందులో ఉండేది ఇంతే: మీ భూమి మీదుగా చాలా ఏళ్లుగా శీతాకాలంలో మంచు దారి వెళ్తోంది, పాత యజమాని అనుమతి ఇచ్చారు, మీరు కూడా ఇస్తారా?

ఆ ఉత్తరానికి మీలో చాలామంది జవాబివ్వడం లేదు. నేనీ లేఖ రాయడానికి కారణం అదే.

మా క్లబ్బులో ఉత్తరాలు రాసే పెద్దాయనకు డెబ్బై దాటాయి. మొన్న సమావేశంలో నా పక్కకు వచ్చి కూర్చుని, నలుగురైదుగురి పేర్లు తనకు చేతనైనట్టు పలికి, వీళ్లు మీవాళ్లేనా, నేను రాసిన దానిలో ఏమైనా మర్యాద తక్కువైందా అని అడిగాడు. మర్యాద తక్కువైంది ఆయన వైపు నుంచి కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మాట్లాడతానన్నాను. అందరి ఫోను నంబర్లూ నా దగ్గర లేవు కాబట్టి ఇలా రాస్తున్నాను.

మొదట ఆ దారి సంగతి చెప్పాలి. ఎందుకంటే దాన్ని చూసి, ప్రభుత్వం వేసిన రోడ్డు లాంటిదేదో అనుకునేవారు మనలో చాలామంది. స్తంభాలకు నారింజ రంగు గుర్తులుంటాయి, కూడళ్లలో స్టాప్ బోర్డులుంటాయి, వాగుల మీద వంతెనలుంటాయి. చూడటానికి సర్కారు దారిలాగే ఉంటుంది. విస్కాన్సిన్‌లో ఇలాంటి దారులు సుమారు 25,000 మైళ్లున్నాయి. వాటిలో అధిక భాగం ప్రైవేటు భూముల మీదుగానే సాగుతాయి. రాష్ట్రానికి అక్కడ అంగుళం కూడా సొంతం కాదు. మెయిన్ (Maine) రాష్ట్రంలో ఇంకా ఎక్కువ: అక్కడి సుమారు 14,000 మైళ్ల మంచు దారుల్లో 95 శాతం ప్రైవేటు భూముల మీదే ఉన్నాయని చెబుతారు. బళ్ల రిజిస్ట్రేషన్ రుసుములు, ట్రెయిల్ పాసులు, పెట్రోలు పన్నులో ఒక వాటా కలిపి రాష్ట్రం కౌంటీలకు ఇస్తుంది, కౌంటీలు క్లబ్బులకు ఇస్తాయి. ఆ డబ్బు యంత్రాలకూ ఇంధనానికీ సరిపోతే గొప్ప. మనుషుల శ్రమ చాలావరకు స్వచ్ఛందమే.

ఆ శ్రమ ఎలాంటిదో మీరు చూసి ఉండరు, ఎందుకంటే అది జరిగేది మీరు రాని నెలల్లో. ఆకు రాలాక, జింకల వేట మొదలయ్యే లోపల, శనివారం పొద్దున్నే ఏడెనిమిదిమంది రంపపు యంత్రాలతో వస్తారు. గాలికి పడిన చెట్లు కోసి పక్కకు లాగుతారు. దారిలోకి వంగిన కొమ్మలు కొడతారు. వంతెన పలకల్లో పుచ్చిపోయినవి తీసి కొత్తవి బిగిస్తారు. పొలం మీదుగా వెళ్లే చోట పుల్లలు పాతి గుర్తులు కడతారు. మళ్లీ మంచు కరగగానే వచ్చి ఆ పుల్లల్ని ఒక్కొక్కటిగా పీకేస్తారు, ఒక్కటి మిగిలినా రైతు విత్తే యంత్రానికి తగులుతుందని. మంచు పడ్డాక అసలు పని మొదలవుతుంది. గొలుసు చక్రాల ట్రాక్టరు వెనక పొడవాటి ఇనుప పలక కట్టి, రాత్రంతా దారి చదును చేస్తారు. మనిషి పరుగెత్తితే దాటిపోయేంత నెమ్మదిగా నడుస్తుంది ఆ బండి. రాత్రే ఎందుకంటే, చలికి మంచు గట్టిపడి పొద్దుటికి దారి నిలబడుతుంది. పగలంతా మిల్లులోనో గ్యారేజీలోనో పనిచేసి వచ్చినవాళ్లు ఇవన్నీ చేస్తారు. నా వాగు మీదున్న చెక్క వంతెన వాళ్లు కట్టిందే. ఎండాకాలంలో దాని మీద నుంచి అవతలి ఒడ్డుకు నడిచి వెళ్లేది మాత్రం నేను.

ఇప్పుడు మీ సంతకానికి అంత విలువ ఎందుకో చూడండి. ఈ ప్రాంతపు భూములన్నీ చదరాలుగా కొలిచినవి. ఆరు మైళ్లకు ఆరు మైళ్ల టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షను 640 ఎకరాలు. దాన్ని నాలుగు చేసి, ఒక్కో భాగాన్ని మళ్లీ నాలుగు చేస్తే వచ్చేదే ఇక్కడందరూ ‘ఫార్టీ’ అని పిలిచే నలభై ఎకరాల ముక్క. దాని ఒక పక్క పావు మైలు, అంటే 1,320 అడుగులు. రెండు ఊళ్లను కలిపే దారి ఇలాంటి చదరాలు ఎన్నో దాటుకుంటూ పోతుంది. మధ్యలో ఒక్క పావు మైలు మూసుకుపోతే అటూ ఇటూ ఉన్న మైళ్లన్నీ వృథా. పక్కనుంచి తిప్పుదామంటే అక్కడ బురద నేల ఉంటుంది. దానిలో అడుగు పెట్టాలంటే రాష్ట్రం అనుమతి వేరే కావాలి. లేదా పక్క యజమాని ఒప్పుకోడు. చివరికి దారిని తెచ్చి హైవే పక్క కాలువలో పెడతారు, కార్ల లైట్లు కళ్లలో పడే చోట.

మీరు మౌనంగా ఉంటే దారి దానంతటదే నడుస్తుందని అనుకోవద్దు. మన దగ్గర మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇక్కడి స్నోమొబైల్ చట్టం దానికి తిరకాసు: యజమాని సమ్మతి లేకుండా పరాయి భూమి మీద స్నోమొబైల్ నడపడం చట్టవిరుద్ధం, ‘ప్రవేశం లేదు’ అన్న బోర్డు పెట్టనంత మాత్రాన సమ్మతి ఇచ్చినట్టు కాదు. పాత యజమాని ఇచ్చిన అనుమతి భూమితోపాటు మీకు సంక్రమించదు, అమ్మకంతోనే ముగిసిపోతుంది. అంటే మీ సంతకం రాకపోతే క్లబ్బు ఆ దారి మూసేయాల్సిందే. ఉత్తరం మీ వంటగది గట్టు మీద, కరెంటు బిల్లుల కింద పడి ఉండగానే ఇక్కడ ఒక దారి మూతపడుతుంది. కాదనాలని మీరు అనుకోకుండానే కాదన్నట్టవుతుంది.

‘కాదు’ అని మొహం మీద చెప్పడం మనకు చేతకాదు. చూద్దాం అంటాం, కనుక్కుని చెబుతాం అంటాం, ఇంకా ఇబ్బందైతే ఫోను ఎత్తం. మనలో మనకు ఆ సంకేతాలు అర్థమవుతాయి కాబట్టి బండి నడిచిపోతుంది. ఇక్కడివాళ్లకు అర్థం కావు. వాళ్లు ఉత్తరం అందలేదేమో అనుకుని ఇంకోటి రాస్తారు. కంపెనీ పేరుతో కొన్నవారి విషయంలో ఇంకా తమాషా: ఆ ఉత్తరం నలుగురిలో ఎవరి ఇంటికి వెళ్తుందో, సంతకం ఎవరు పెట్టాలో ఆ నలుగురికే తెలియదు. దయచేసి ఒకరిని నియమించుకోండి.

జవాబివ్వకపోవడం వెనక బద్ధకం ఒక్కటే లేదని నాకు తెలుసు. భయం ఉంది. మాట్లాడిన ప్రతి తెలుగువాడి నోటా మొదట వచ్చే మాట ఒకటే: “ఇవాళ దారి ఇస్తే రేపు అది వాళ్ల హక్కయిపోతుంది.” ఈ భయం అమెరికాలో పుట్టింది కాదు, ఊరి నుంచి మూట కట్టుకుని తెచ్చుకున్నది. గట్టు జరిపిన తగాదాలు, పుంత ఆక్రమణలు, పొలానికి దారి లేదని కోర్టుకెక్కిన అన్నదమ్ములు: వీటి గురించి వినకుండా పెరిగినవాడు మనలో ఎవడు? వేలు చూపితే హస్తం మింగేవాళ్లు ఉంటారని మన పెద్దలు ఊరికే అనలేదు. మా తాతగారు పక్క రైతు బండి ఒక్కసారి మా చేను మీదుగా పోతే, అది మళ్లీ పోకుండా అడ్డంగా కంప వేయించిన మనిషి.

అయితే మా తాతగారు చేయని పని ఒకటుంది, కాగితం రాయించుకోవడం. మన దేశపు 1882 నాటి ఈజ్‌మెంట్ల (పరాయి భూమిని వాడుకునే హక్కుల) చట్టం ప్రకారం కూడా, 20 ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా, తన హక్కు అన్నట్టు నడిచిన దారికే హక్కు పుడుతుంది. యజమాని దయతో, అనుమతి మీద నడిచిన దారికి ఎన్నేళ్లయినా హక్కు పుట్టదు. విచిత్రం ఏమిటంటే విస్కాన్సిన్ చట్టంలోనూ గడువు 20 ఏళ్లే, సూత్రమూ అదే. యజమానిని కాదని నడిస్తేనే హక్కు, అడిగి నడిస్తే లేదు. కాబట్టి క్లబ్బు పంపిన ఆ ఒక్క పేజీ మీ భూమిని లాక్కునే కాగితం అని భయపడుతున్నారే, నిజానికి మీ దగ్గర ఉండాల్సిన రక్షణ పత్రం అదే. ఈ దారి మీ అనుమతితో నడుస్తోందనీ, ఆ అనుమతి ఇంత కాలానికేననీ, మీరు కావాలంటే ఉపసంహరించుకోవచ్చనీ అవతలివారే సంతకం చేసి మీ చేతికిస్తున్నారు. అందులో ‘ఈజ్‌మెంటు’ అనో ‘శాశ్వత’ అనో మాట కనిపిస్తే మాత్రం ఆగి లాయరుకు చూపించండి. మామూలు అనుమతి పత్రంలో ఆ మాటలుండవు.

రెండో భయం కేసులు. ఎవడో తాగి వచ్చి మన చెట్టుకు గుద్దుకుంటే మన మీద దావా వేస్తాడు, అమెరికా కదా అంటారు. నేను లాయరును కాను, మీ లాయరును అడగండి. కానీ అడిగేటప్పుడు 895.52 అన్న సంఖ్య చెప్పండి. 1984 నుంచి అమల్లో ఉన్న విస్కాన్సిన్ చట్టం అది. వినోదం కోసం మీ భూమి మీదికి వచ్చినవారి విషయంలో భూమిని సురక్షితంగా ఉంచాల్సిన బాధ్యత గానీ, తనిఖీ చేయాల్సిన బాధ్యత గానీ, ప్రమాదం ఉందని హెచ్చరించాల్సిన బాధ్యత గానీ యజమానికి లేదని అది చెబుతుంది. ఏవేవి వినోదమో పేర్లు పెట్టి రాశారు. స్నోమొబైల్ అందులో ఉంది. ఇలాంటి చట్టం ఏదో ఒక రూపంలో అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఉంది. భూముల గేట్లు తెరిపించడానికి చేసిన చట్టాలే ఇవి.

దీనిలో మన బుర్రకు వెంటనే ఎక్కని మెలిక ఒకటుంది. దారి ఊరికే ఎందుకివ్వాలి, ఏడాదికింత అని పుచ్చుకుందాం అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. వ్యాపార దృష్టి ఉన్న మనిషి. అయితే వినోదానికి భూమి ఇచ్చినందుకు ఏడాదిలో 2,000 డాలర్లకు మించి వసూలు చేసిన ప్రైవేటు యజమానికి ఈ రక్షణ వర్తించదు. ఉచితంగా ఇస్తేనే చట్టం మీ వెనక నిలబడుతుంది. పుణ్యానికీ లాయరు ఫీజుకూ ఇంత దగ్గరి సంబంధం నేను మరెక్కడా చూడలేదు.

ఇంకో మినహాయింపు కూడా చెప్పాలి, ఎందుకంటే అది సూటిగా మనకే తగులుతుంది. ఆ సందర్భానికంటూ మీరు పేరు పెట్టి పిలిచిన అతిథికి మీ నివాస స్థలంలో దెబ్బ తగిలితే ఈ రక్షణ అక్కడ పనిచేయకపోవచ్చు. దారిన పోయే ముక్కూమొహం తెలియని మనిషికంటే, సంక్రాంతి వారాంతానికి మీరే పిలిచి, అద్దె స్నోమొబైల్ ఎక్కించి, పెరట్లో చక్కర్లు కొట్టించే బావమరిదితోనే మీకు చట్టపరంగా చిక్కు ఎక్కువ. ఇన్సూరెన్సు ఏజెంటుతో మాట్లాడాల్సిన విషయం అది.

దుర్బుద్ధితో చేసిన పనికి కూడా రక్షణ లేదు. ఇది చెప్పడానికి కారణం ఉంది. మన తెలుగువాళ్లే కొన్న ఒక భూమిలో, ఎక్కడో, ఎవరో చెప్పను, దారికి అడ్డంగా రెండు చెట్ల మధ్య సన్నటి ఉక్కు తీగ కట్టారు. కార్లు రాకుండా కట్టామన్నారు. పగలు చూస్తే అదేమీ పెద్ద విషయంలా అనిపించదు. రాత్రి గంటకు నలభై మైళ్ల వేగంతో వచ్చేవాడికి అది కనిపించదు, సరిగ్గా మెడ ఎత్తులో ఉంటుంది. మంచు పడకముందే క్లబ్బువాళ్లు చూశారు కాబట్టి సరిపోయింది. దారి మూయాలంటే గేటు పెట్టండి, దానికి మెరిసే పలకలు బిగించండి, క్లబ్బుకు చెప్పండి, దూరం నుంచే బోర్డులు వాళ్లే పెడతారు. తీగ మాత్రం వద్దు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లలోనూ కట్టేవాళ్లున్నారు, వాళ్లకూ ఇదే చెబుతాను.

నష్టమే లేదని నేను అనడం లేదు. మంచు కింద రెడ్ పైన్ మొక్కలు నాటిన భూమి చూశారా? పైకి తెల్లగా, ఖాళీ మైదానంలా ఉంటుంది. దారి వదిలి సరదాకు అటు తిరిగిన ఒక్క బండి వరుసగా మొక్కల తలలు విరిచేస్తుంది. అది తెలిసేది వేసవిలో. ఆల్ఫాల్ఫా గడ్డి పొలంలో మంచు అణిగి గడ్డకడితే కింద వేర్లు చచ్చిపోతాయి. ఇవి నిజమైన నష్టాలు. వీటి వల్ల దారి మూసేసిన రైతుల్ని నేను తప్పుపట్టను. అలాంటి నేల మీకుంటే దారిని సరిహద్దు వెంబడి పెట్టమని అడగండి, పెడతారు. శీతాకాలంలో నేల గడ్డకట్టినప్పుడే కలప కొట్టించాలనుకుంటే ఆ ఏడాదికి దారి తిప్పమనండి, తిప్పుతారు. అడవిని పెంచేవారికి ఆస్తి పన్ను తగ్గించే రాష్ట్ర పథకం కింద, ప్రజల ప్రవేశానికి తెరిచి ఉంచిన భూమిని కొన్నవారు ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ పథకం ప్రజలకు తెరిచేది వేట, చేపలు పట్టడం, నడక, ప్రకృతి వీక్షణ, స్కీయింగ్‌లకు మాత్రమే. స్నోమొబైల్ అందులో లేదు. దానికి మీ అనుమతి వేరుగా కావాల్సిందే.

చప్పుడు సంగతి అంటారా, ఉంటుంది. క్యాబిన్‌కు దగ్గరగా దారి ఉంటే జనవరి శనివారం రాత్రి నిద్ర అంతంత మాత్రమే. రాత్రి పదిన్నర నుంచి పొద్దున ఏడు వరకు ఇళ్లకు 150 అడుగుల లోపల గంటకు 10 మైళ్లకు మించకూడదని నియమం ఉంది, అందరూ పాటిస్తారని నేను హామీ ఇవ్వలేను. ఇంటికి దూరంగా జరపమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మరి మనకేమిటి లాభం అని అడిగేవారుంటారు, అడగాలి కూడా. డబ్బు రాదు. పడిన చెట్లు ఎవరో తీసేస్తారు. వాగుకు వంతెన ఉంటుంది. మీరు ఆరు గంటల దూరంలో ఉండగా, ఫిబ్రవరిలో మీ షెడ్డు తలుపు గాలికి తెరుచుకుంటే రాత్రి దారి చదును చేసే మనిషి దిగి వేసి, మీకు ఫోను చేస్తాడు. నాకు ఇది జరిగింది. ఏడాదికోసారి భూ యజమానులకు విందు పెడతారు, ఊరి టావెర్న్‌లో. వేయించిన చేప, హామ్, ఉడికించిన బంగాళాదుంప. మా ఆవిడ శాకాహారి అని తెలిశాక ఆమె ముందు జున్ను ముక్కలు వేయించినవి ఒక గుట్ట పోశారు. విస్కాన్సిన్‌లో శాకాహారానికి అంతకు మించిన గౌరవం లేదు.

ఈ యంత్రం మీద ఇక్కడివాళ్లకు అంత మమకారం ఎందుకో కూడా చెబుతాను. 1924లో, ఇదే ఉత్తర విస్కాన్సిన్‌లో విలాస్ కౌంటీలోని సేనర్ అన్న పల్లెలో, కార్ల్ ఎలియాసన్ అనే ఆయన చెక్క స్కీలు, సైకిలు సామాను, పాత ఫోర్డు కారు భాగాలు, పడవకు పెట్టే చిన్న ఇంజను కలిపి మంచు మీద నడిచే బండి చేశాడు. పాదం లోపం వల్ల మంచులో వేటకెళ్లే స్నేహితులతో సమానంగా నడవలేక చేశాడని చెబుతారు. 1927లో పేటెంటు వచ్చింది. అక్కడికి దగ్గర్లోని ఈగిల్ రివర్‌లో 1964 నుంచి స్నోమొబైల్ పందేలు జరుగుతున్నాయి. ఊరు తనను తాను ప్రపంచ స్నోమొబైల్ రాజధాని అని పిలుచుకుంటుంది. కొంచెం అతిశయమే అనుకోండి, అయినా శీతాకాలంలో అక్కడ పెట్రోలు బంకులు, మోటళ్లు, హోటళ్లు నడిచేది ఈ బళ్ల మీదే. 2023-24లో, రాష్ట్ర చరిత్రలోకెల్లా వెచ్చని శీతాకాలంలో, మంచు లేక అది తెలిసొచ్చింది. ఇక్కడి హేవార్డ్ ఊళ్లో జరిగే బిర్కెబైనర్ స్కీ పోటీని ఆ ఏడాది యంత్రాలు తయారుచేసిన మంచు మీద పది కిలోమీటర్ల చుట్టులో తిప్పి నడిపారు. స్నోమొబైల్ దారులకు మంచు తయారుచేయగల యంత్రం ఎవరి దగ్గరా లేదు. చాలా దారులు దాదాపు తెరుచుకోనే లేదు. మోటల్ నడుపుకునే ఒక గుజరాతీ మిత్రుడు ఆ ఫిబ్రవరిలో పార్కింగు చూపించాడు, రెండే కార్లున్నాయి, వాటిలో ఒకటి ఆయనదే. మంచు పడని ఏడాదిని ఎవరూ ఏమీ చేయలేరు. మంచు పడిన ఏడాది సంతకం లేక దారి ఆగిపోతే మాత్రం ఆ ఊరివాళ్లకు కోపం వస్తుంది. ఆ కోపంలో మీ ఇంటిపేరు కూడా తోడవుతుంది. అది నాకు ఇష్టం లేదు.

భూమి కొనకపోయినా వారాంతానికి బళ్లు అద్దెకు తీసుకుని వచ్చే కుర్రాళ్లకు రెండు ముక్కలు. 1985 జనవరి 1 నుంచి పుట్టినవారెవరైనా, పన్నెండేళ్లు నిండాక, ఈ దారుల మీద బండి నడపాలంటే భద్రతా శిక్షణ పత్రం ఉండాలి. మీ ఆఫీసు బృందంలో దాదాపు అందరికీ వర్తిస్తుంది. కౌంటీ దారి తెరిచిందో లేదో చూసుకుని రండి. ఫొటో కోసం దారి వదిలి, పక్కన మెరిసే తెల్లటి మైదానంలోకి దిగకండి. అది ఒకరి పైన్ తోట. నేను పైన చెప్పిన మొక్కల తలలు విరిచేది మీరే, ఆ కోపానికి మూతపడేది ఊరందరి దారి.

అన్నీ విన్నాక కూడా దారి ఇవ్వడం ఇష్టం లేదనుకోండి. అది మీ భూమి, మీ హక్కు, దానికి కారణం కూడా చెప్పక్కర్లేదు. చెప్పే సమయం మాత్రం చూసుకోండి. నవంబరులో చెబితే గుర్తులు పాతిన తర్వాత, జింకల వేట నడుమ వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. జూన్‌లో చెబితే పక్క యజమానిని అడుగుతారు, కొత్త దారి గీసుకుంటారు, అనుమతులు తెచ్చుకుంటారు, మీ మీద మనసులో కూడా ఏమీ పెట్టుకోరు. దారి మూసిన రైతులు అదే విందుకు వచ్చి అదే బల్ల దగ్గర కూర్చోవడం నేను చూశాను. ఇంకా తేల్చుకోలేకపోతే ఒక్క శీతాకాలానికి మాత్రం అని రాసి సంతకం చేయండి. అలాంటి కాగితాలు క్లబ్బు దగ్గర చాలా ఉన్నాయి.

కొనబోయేవారు బయానా ఇచ్చే ముందే భూమి మీద మంచు దారి ఉందా అని ఏజెంటును అడగండి. ఆకులున్న కాలంలో అది పాత బండ్ల బాటలా కనిపిస్తుంది, చెట్టుకు కొట్టిన చిన్న నారింజ పలక తప్ప వేరే ఆనవాలు ఉండదు. కౌంటీ ఇచ్చే ట్రెయిల్ మ్యాపులో చూస్తే తేలిపోతుంది. ఏ క్లబ్బుదో అందులోనే ఉంటుంది.

ఈ ఏడాది ఉత్తరాలు మే నెలలో పంపారు. ఆగస్టు సమావేశంలోపు జవాబులు వస్తే దారి గీతలు ఖాయం చేస్తారు. కవరు పారేసి ఉంటే దిగులు పడకండి, క్లబ్బుకు ఒక్క ఫోను చేస్తే ఆ పెద్దాయన మళ్లీ చేత్తో చిరునామా రాసి పంపిస్తాడు. మీ పేర్లు ఎలా పలకాలో ఆయనకు ఈపాటికి నేర్పించాను.

ఇట్లు,
ఉత్తర విస్కాన్సిన్ నుంచి
మీలాగే ఒక ఫార్టీ కొన్న తెలుగువాడు